కట్టు కింది తెలుపు

సీసా మీద పేరు: రాపోలు బుచ్చిలింగం, అరవై రెండు,
ఊరు గట్టుప్పల.
లోపల ఫార్మలిన్ల నాలుగు ముక్కలు,
నానిన అటుకులంత.

నేను నల్లగొండ పెద్దాసుపత్రి ల్యాబుల టెక్నీషియన్ని.
మనుషుల్ని చూడ. ముక్కల్ని చూస్త.
మైనంల పోస్త, ఉల్లిపొర కంటె పల్చగ కోస్త,
గాజుపలక మీదికెత్తి రంగు పెడ్త.

ముందు హెమటాక్సిలిన్.
అప్పుడే తీస్తె ఎర్రగుంటది,
నేరేడుపండు తిన్న నాలుక లెక్క.
నీలం కావాలంటె పంపునీళ్ల కింద పట్టాలె.
వేరే ఊళ్లల్ల ఆ నీళ్లల్ల మందు కలుపుతరట.
మాకు అక్కర లేదు.
పండ్లకు గార పట్టించిన నీళ్లు,
మా మేనత్త మోకాళ్లు వంచిన నీళ్లు
రెండు నిమిషాల్ల నీలం చేసిస్తయి.
ఈ ఒక్క పనికే మా బోరుకు దండం పెడ్త.

మనుషుల్ని చూడ అన్న గద,
ఆయన్ని చూసిన.
కిటికీల నుంచి చెయ్యి పెట్టిండు కాయితం కోసం.
గోళ్ల సందుల ఎరుపు,
ముప్పై ఏండ్ల నాఫ్తాల్, ఏ సబ్బుకూ రానిది.
నా గోళ్ల కింద నీలం.
ఇద్దరం ఒకరి చేతులు ఒకరం చూసుకున్నం.

"మొదాల తెల్వలే బిడ్డా,
మా మోరీల రోజూ ఎర్రగనే పోతది.
రంగునీళ్లే అనుకున్న.
నొప్పన్న లేకపాయె."

రిపోర్టుల మేడం రాసింది:
హై గ్రేడ్. లోపొర దాటింది.
ముక్కలో కండరం కనపడలేదు.
లోతు చెప్పలేం.

చెప్పలేం అంటె ఏందని అడిగిండు.
అది నేను చెప్పే మాట కాదు,
అయినా నోరూరుకోలే:
చిటికి కడ్తరు గద పెద్దయ్యా, రబ్బరు పట్టీతోని,
ఆ కట్టు దాకనే రంగు ఆగిందా, కిందికి దిగిందా,
అది తెల్వాలంటె కట్టున్న పోగు కావాలె.
వచ్చిన ముక్కల్ల కట్టే లేదు.
ఇంకోపారి గీకాలె.

నవ్విండు.
"కట్టిప్పకుంట తెలుపో ఎరుపో
ఎవడు చెప్తడు, అవు."
ఇంతల్నె, "బీడీలతోనా, రంగుతోనా?"
మా ఫారంల దానికి గడి లేదు.

రెండోసారి ముక్కలు వచ్చినయి.
మేడం జరిగి, చూడమంది.
గులాబీ కండరం, పేనిన తాళ్ల లెక్క వరుసలు.
పైన ఊదా గుంపు, ఎగబడుతున్న జాతర.
తాళ్ల కాడికి వచ్చి ఆగింది.
కట్టు పట్టింది.
నేను గట్టిగనే "అబ్బ" అన్ననట,
పక్క రూముల సఫాయమ్మ యాదమ్మ అడిగింది ఏమాయెనని.

మైనం దిమ్మ మార్కర్లకు హైదరాబాద్ పోయింది,
బస్సుల, ఇడ్లీ డబ్బంత పెట్టెల.
పదకొండు దినాలకు గోధుమరంగుల తిరిగొచ్చింది.
పి యాభైమూడు, ఇంచుమించు అన్ని కణాలల్ల.
కె ఐ అరవైఏడు, నూటికి నలభై అయిదు,
అంటె అన్ని కణాలు ఇప్పుడిప్పుడే
రెండవుడు పనిల ఉన్నయన్నట్టు.
లోతు మంచిగుంది. ఉరుకుడు మంచిగ లేదు.

డాక్టరు చెప్పిండట నూటిల ఇంతమందికి
మళ్లొస్తది, ఇంతమందికి రాదు అని.
బుచ్చిలింగం అన్నడట:
"నూరు పోగుల లెక్క నాకెందుకు సారూ,
అండ్ల నేను ఏ పోగునో చెప్పు."

మంగళారం మంగళారం వస్తుండు ఇప్పుడు.
టీబీ టీకా మందునే సంచిలకు ఎక్కిస్తరు,
రెండు గంటలు బిగబట్టుకోవాలె.
బిగబట్టుకునే ఆ రెండు గంటలు
మా ల్యాబు ముంగట బల్ల మీద,
అటు బొర్లి ఇటు బొర్లి.

మొన్న అడిగిండు, నాది చూపిస్తవా అని.
చూపియ్యొద్దు. చూపిచ్చిన.
పలకను అంచులు పట్టుకొని
ట్యూబులైటు కెత్తిండు, నూలు చూసినట్టే,
ఒక కన్ను మూసి.
చానాసేపు ఏం మాట్లాడలే.

"మంచిగ ముంచినవ్ బిడ్డా. సమంగ ఎక్కింది."

మళ్ల కొంచెం వంచి,
"ఈడ గీత పడ్డది."

అవు పెద్దయ్యా,
కత్తి మొద్దువడ్డది.
కొత్తదానికి రాసిచ్చి రెండు నెలలాయె.