మంచె మీద గంటసేపు

కెరమెరి ఘాట్‌ల ఆరో మలుపు కాడ
బండి ఆపినం, ఫోటో కోసం.
లోయలకెల్లి పొగమంచు ఇంకా లేవలే.
జొన్నచేను మాత్రం ఎప్పుడో లేచి
తల తడి ఆరబెట్టుకుంటున్నది.

"మంచె ఎక్కుతవా?" అన్నది సిడాం మాన్కుబాయి.
"ఎంత?" అన్న, జేబుల చెయ్యి పెట్టి.
ఆమె నవ్వలే.
వడిసెల నా చేతుల పెట్టి
బిందె తీసుకొని వాగుకు దిగింది.

హన్మకొండల నేను లెక్కల సారును.
రాయి ఎటు పోవాల్నో కోణం తెలుసు.
మొదటిది నా ఎనుకనే పడ్డది.
రెండోది మా బండి అద్దానికి
జానెడు దూరంల తప్పింది.
పిట్టలు ఒక్కసారి లేచి, నన్ను చూసి,
మళ్ల అదే కంకి మీద వాలినయి.

ఇగ రాళ్లు మాని అరిచిన.
హోఓఓ... అని, బడిల ఎన్నడూ అరవని అరుపు.
కొండ దాన్ని తీసుకొని
జర దిద్ది వాపస్ ఇచ్చింది.

ఫోటో ముచ్చటే మరిచిన.

ఆమె వచ్చి చేను దిక్కు చూసింది,
నా దిక్కు చూసింది.
"మస్తు తిన్నయి. పోనీ తియ్,
మా ఆయనైతే పండుకునేటోడు."

ఇప్పుడు తరగతి కిటికీల పిట్ట వాలితే
సుద్దముక్క పట్టిన చెయ్యి
దానంతటదే ఎనుకకు పోతది.
పిలగాండ్లు తలకాయలు వంచుకుంటరు.