పిన్నీసుల అట్ట

నాకు కావాల్సిన రంగుకు పేరు లేదు.
ఆత్మకూరు నుంచి వచ్చే బస్సు
పొద్దుగూకే ముందర పెన్న వంతెన ఎక్కినప్పుడు
ఇసక మధ్యన ఆగిపోయిన నీళ్ళు
ఒక్క నిమిషం తిరిగే రంగు అది.
"రామా గ్రీనా మేడం? నెమలికంఠమా?"
కాదబ్బాయా.
"అయితే పై ఫ్లోరు చూడండి."

వారానికి ఆరు రోజులు నా మీద ఖాకీ కోటు.
దానికి నాలుగు జేబులు.
చిల్లరకొకటి, నోట్లకొకటి, తలనొప్పి బిళ్ళలకొకటి,
నాలుగోది ఎందుకో నాకే తెలీదు.
ట్రంకు రోడ్డులో ఇంత పొడుగు కొట్టులో
ఒక్క జేబున్న బట్ట లేదు.
"ఆడోళ్ళకు బ్యాగులుంటాయి గదా" అంటాడు కుర్రోడు.

కింద పెళ్ళికూతుళ్ళు.
ఆపైన కాలేజీ పిల్లకాయలు.
మూడో అంతస్తులో, లిఫ్టు పోనిచోట,
నైటీలకూ కాన్పు బట్టలకూ పక్కన
మాబోటోళ్ళకు ఒక మూల.
లావు మనిషే మెట్లెక్కాలంట, ఏం న్యాయమో!
ఆడుండే రంగులు మూడు:
బొగ్గు, బురద, ఆసుపత్రి గోడ.
"ఇది తొడిగితే సన్నంగా కనపడతారు మేడం."
అసలు కనపడకుండానే పోతానయ్యా.

ఒకదానికి ఫ్రీ సైజని చీటీ.
ఎవురికి ఫ్రీ?
మోచేతుల దాకా వచ్చి బిగుసుకుంది.
ట్రయల్ రూములో రెండు చేతులూ పైకెత్తి
టికెట్టు లేకుండా దొరికినోడి మాదిరి నిలబడ్డా.
బయటెవరో తలుపు కొడతా ఉండారు.
ట్యూబులైటు నా పొట్టను తప్ప ఇంకేం చూడ్డంలా.
నలభై రెండేళ్ళు, రెండు కాన్పులు,
తెల్లారుజామున నాలుగున్నర సర్వీసు.
యాభై సీట్ల బండిలో నూరు మంది నడుమ
దారి చేసుకొని పోయే భుజం ఇది.
ఈ భుజాన్ని
ఏ బట్టా లెక్కలోకి తీసుకోలా.

నన్ను విడిపించిన పిల్ల పేరు షంషాద్.
పొద్దున్నుంచి కూర్చోలేదంట. కూర్చుంటే కోతంట.
కాళ్ళు మార్చి మార్చి నిలబడతా
"ఇట్రా అక్కా" అని
అద్దాల ముందరుండే బొమ్మ వెనక్కి తీసకపోయింది.
రోడ్డు మీద నుంచి నేను ముచ్చటపడిన గౌను.
వెనకంతా పిన్నీసులు!
నడుముకు ఏడు, భుజాలకు రెండు,
కింద గుడ్డలారేసే క్లిప్పు ఒకటి.
తల లేదు, పేగుల్లేవు, ఒక ముద్ద అన్నం తిన్నది లేదు,
దానికీ పట్టలా.
ఇద్దరం పక్కున నవ్వితే సూపర్‌వైజరు తల తిప్పాడు.
షంషాద్ చేతుల్లోకి ఎక్కణ్ణుంచో ఒక మడత వచ్చింది.

"టైలరుకియ్యొచ్చు గదా" అని ఫోన్లో మా ఆయన.
ఇచ్చినా గదా పోయినేడు.
స్టోన్‌హౌస్‌పేటలో వెంగయ్య
కొలతలు తీసి, ఆ కొలతల్ని నమ్మక
"వయసుకు తగ్గట్టు కుడతాలేమ్మా" అన్నాడు.
కుట్టాడు. తలగడకు గలీబు మాదిరి.

"అంతేనా మేడం?" కౌంటరు కాడ.
అంతే.
పిన్నీసుల అట్ట ఒకటి, ఎనిమిది రూపాయలు.
పది ఇస్తే రెండు చాక్లెట్లు పెట్టాడు చేతిలో.
"చిల్లర లేదు."
ఆ మాట అన్నందుకు
ఇన్నేళ్ళుగా నేను తిన్న తిట్లు నాకు తెలుసు.
టికెట్టు వెనక రాసిచ్చి
దిగేవాళ్ళను పిలిచి మరీ ఇచ్చిన మనిషిని.
మోచేతులు బల్ల మీద ఆనించా.
"నా రెండు రూపాయలు నాకియ్యి" అన్నా.
వెనకాల వరస పెరగతా ఉంది.
పెరగనీ.
నాకు నిలబడ్డం అలవాటే.

డిపోలో సుగుణక్క రిటైరుమెంటుకు
పాత బచ్చలిపండు చీరే కట్టా, పైన ఖాకీ కోటు.
"ఈ రోజు కూడానా?" అన్నారు.
జేబులుండాయి అన్నా.
దండలు వేసేలోపు
ఒకామెకు రవిక హుక్కు, ఒకామెకు కుచ్చిళ్ళు,
సుగుణక్కకు భుజం కాడ కుట్టు.
ముగ్గురూ నేరుగా నా కాడికే వచ్చారు.
నాలుగో జేబులో చెయ్యి పెట్టా.