చెంబు వెనక్కి

మొదటి పన్నెండు దానిమ్మ కొమ్మలూ
నా ప్రేమకే కుళ్ళినయి.
పొద్దుకు రెండుసార్లు నీళ్లు పోస్తిని మరి.
పీకి చూస్తే మొదలు నల్లగ, మెత్తగ,
చుట్టూ బూడిదరంగు నూగు,
మూసిన గదిల తడిబట్టల వాసన.

జడ్చర్ల నర్సరీల ఖాజాబీ నవ్వలేదు.
కత్తిని స్టవ్ మంట మీద అటూఇటూ తిప్పింది.
"దూపతోటి చచ్చినయి తక్కువ బిడ్డా,
మునిగి చచ్చినయే అన్నీ."
కింది ఆకులు గిల్లేసింది.
దుందుభి ఇసుకను మూడు నీళ్లు కడిగి
రేకు మీద ఎండబోసింది.
కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్ది
నీడకు పెట్టింది.
"గాయం ముందుగాల ఆరాలె.
తడిమీద కట్టు కడతరా ఎవరన్నా?"

ఇప్పుడు నా గ్లాసులకు అడుగున మేకుతో కొట్టిన బొక్కలు,
పైన పాలకవర్ల గుడారం.
పొద్దున్నే విప్పి
లోపలి చెమట పాత చున్నీతో తుడుస్త,
కొంచెంసేపు మిద్దె మీది గాలి తగలనిస్త.
ఇసుకల వేలు పెట్టి చూస్త.
సల్లగ తగిలితే
చెంబు వెనక్కి.
అన్నిట్ల కష్టం అదే,
చెయ్యి ఆగుడు.

ఇరవైరెండో రోజు
ఒక కొమ్మను మెల్లగ లాగిన.
రాలే.
ఇసుక దాన్ని పట్టుకుందో,
అదే ఇసుకను పట్టుకుందో.

మళ్ల లాగలే.