జానెడు జానెడుగా

కువైట్‌లో ఇంటి ఆడమనిషిని మామా అంటారు.
మొదట్లో నాకు నోరు తిరిగేది కాదు,
పిలిచినప్పుడల్లా మా మామ
రాజంపేట అరుగు మీద బీడీ కాలుస్తా కనపడేవాడు.
పదకొండేళ్ళయింది. ఇప్పుడు మామా అంటే మామానే.

బాబా పోయిన నలభై దినాలకి
చిలక రొమ్మున ఈకలు పీక్కోవడం మొదలుపెట్టింది.
బూడిద చిలక, ఎర్ర తోక, పేరు మిష్‌మిష్.
మాటలు మానేసి దగ్గుతుంది,
అచ్చం బాబా దగ్గు,
చివర్లో ఆ చిన్న మూలుగుతో సహా.
తెల్లారుజామున అది దగ్గితే
మామా చెయ్యి నిద్రలోనే నీళ్ళ గ్లాసు వెతుకుతుంది.

డాక్టరు చూసి, తోడు తెమ్మన్నాడు.
మామా నోట్లు నా చేతిలో పెట్టి
"నువ్వే చూడు ఓబులమ్మా, నీకు తెలుస్తుంది" అంది.
ఏం తెలుస్తుంది నాకు?
మా మేనత్త కుదిర్చిన పెళ్ళిళ్ళు ఇరవై పైనే,
నాది తప్ప అన్నీ నిలిచాయి.

శుక్రవారం సంత.
డ్రైవర్ మస్తాన్‌వలి బండి నీడన పెట్టి
తనూ వచ్చాడు పెళ్ళిపెద్ద లాగా.
రేకుల కింద పిట్టలతో పాటు ఎండ కూడా అరుస్తోంది.
లవ్‌బర్డ్స్ చూశాం,
ముద్దొచ్చే మొహాలు, వేళ్ళు కొరికే బుద్ధులు.
పచ్చ రామచిలకని చూసి నా ప్రాణం లేచొచ్చింది,
మా చేలో జొన్నకంకుల మీద వాలే జాతి.
"అది నీకు తోడు, దానికి కాదు" అన్నాడు
పిట్టల షాపు గుల్‌జమాన్, నవ్వకుండానే.
ముక్కుకి ముక్కు సరితూగాలంట.
పెద్ద ముక్కు ఒక్కసారి విసుక్కుంటే
చిన్నదానికి కాలుండదంట.

అయితే అదే జాతి.
ఐదు బూడిద చిలకలు ఒకే కర్ర మీద.
కన్ను నల్లగుంటే పసిది, పసుపు తిరిగితే ఈడొచ్చినది.
మస్తాన్‌కి మొదటిది నచ్చింది,
నిగనిగలాడే రెక్క, అడక్కుండానే సలాం.
నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డా అరగంట.

అంతలో షాపు కుర్రాడు ఆరోదాన్ని తెచ్చి కర్ర మీద వదిలాడు.
సలాం చిలక పొడిచింది.
ఇంకోటి రెక్క విప్పి అడ్డం పెట్టింది.
చివర్న, గోరు లేని వేలితో కర్ర పట్టుకున్నది
తలెత్తలేదు, అరవలేదు,
పక్కకు జరిగింది.
అంతే.
బస్సులో ముసలమ్మ జరిగి చోటిచ్చినట్టు.

"అదా? వేలు సరిగ్గా లేదు, మాట రాదు,
ఎవరో మలబారు వాళ్ళు ఊరికి పోతా అమ్మేసి పోయారు."
అదే, అన్నా.
సగం నోట్లు మిగిలాయి.

పంజరాన్ని చూస్తే మనమే గుర్తొస్తామని
మస్తాన్ దోవలో ఏదో ఎత్తుకున్నాడు.
నోరు ముయ్యమన్నా.
ఇంటి తాళాలు నా నడుమున వేలాడుతున్నాయి, కనపళ్ళేదా?

రాగానే కలపలేదు.
నెలన్నర వేరే గదిలో ఉంచా,
రోగమేమన్నా ఉంటే బయటపడాలని.
ఆ తర్వాత హాల్లో ఈ చివర ఇది, ఆ చివర అది,
రోజుకో జానెడు జరుపుతా.
గింజలు ముందు మిష్‌మిష్‌కే.
కొత్తవాళ్ళొచ్చారని పాతవాళ్ళ విస్తరి మరిస్తే
అలక ఎక్కడెక్కడికో పోతుంది.
వారం పాటు వీపులే చూపించుకున్నాయి రెండూ.

నిన్న తెల్లారుజామున మిష్‌మిష్ దగ్గింది.
రెండుసార్లు. చివర్న మూలుగు.
అవతలి మూల నుంచి
గ్లాసులో చెంచా తిప్పిన చప్పుడు,
తీరిగ్గా,
అడుగున మందు కరిగేదాకా.
వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చా.
గ్లాసూ లేదు, చెంచా లేదు,
వేలు సరిగ్గా లేని ఆ చిలక తప్ప.
ఏ ఇంట్లో, ఎవరి మంచం పక్కన నేర్చిందో.

మామా కళ్ళు తెరవలేదు.
చెయ్యి నీళ్ళ కోసం చాచలేదు.
"తాగెయ్యి" అంది నిద్రలోనే,
అటు తిరిగి పడుకుంది.

మధ్యన ఇంకా పన్నెండు జానల నేల ఉంది.
ఈ రోజు రెండు జరిపా.