జహరాలో పత్తర్‌గట్టీ

హైదరాబాదులో నేను చూసినవి మూడే:
తెల్లారుజామున గౌలిగూడ బస్టాండు,
సూదితో నెత్తురు తీసిన గది,
విమానం కిటికీలో చిన్నగా అయిపోయిన దీపాలు.
గాలివీడు రెడ్డెమ్మకు అంతకంటే ఎవురు చూపిచ్చినారు?

అట్లాంటి నన్ను పట్టుకోని
"షహర్ చూపియ్యి" అంటాది మామ.
(కువైటులో ఇంటి పెద్దామెను మామ అంటారు.
మా ఊర్లో మామకు మీసాలుంటాయి.)

అరబ్బీ మర్చిపోయినాది ఆమె.
అరవై ఏండ్లు పిల్లోళ్ళను కసిరిన అరబ్బీ,
మొగుణ్ణి మట్టికి సాగనంపిన అరబ్బీ,
ఒక్కో మాటా పండ్లు ఊడినట్టు ఊడిపాయె.
అడుగున మిగిలింది పదహారేండ్ల పిల్ల ఉర్దూ.
అది తెలిసినోళ్ళు ఈ ఇంట్లో ల్యారు,
రాయచోటి సంతలో ఏరుకున్న నా నాలుగు ముక్కలు తప్ప.

మద్దేన్నం నమాజయినాక ఇల్లంతా ఏసీ కింద పడుకుంటాది.
చక్రాల కుర్చీ బ్రేకు తీస్తా.
"చలో మామా, అఫ్జల్‌గంజ్!"

మొదట్లో అన్నీ అబద్ధాలే చెప్పినా.
చార్మినారు పక్కన బొరుగుల అంగడి పెట్టినా.
మూసీలో మా పాపాఘ్ని ఇసక పోసినా.
కట్టించిన రాజెవురంటే
నోటికొచ్చిన పాలెగాడి పేరు చెప్పినా.
నవ్వేది. నవ్వి, చక్రం మీద చెయ్యేసి ఆపేది:
"అంధీ హై క్యా? పత్తర్‌గట్టీ ఉధర్!"

అప్పట్నుంచి గైడు ఆమె. నేను బండి తోలేదాన్ని.

ఫ్రిజ్జు గుర్రుమనే కాడ నయాపూల్, కింద ఏరు.
చెప్పుల బీరువాల వరస పత్తర్‌గట్టీ.
మూడో కొట్టులో వాళ్ళ అబ్బా షేర్వానీ గుడ్డ కొనేవాడంట,
దుడ్లు మాత్రం వచ్చే నెల.
అన్నం మేజా గుల్జార్ హౌజ్,
దాని చుట్టూ ఒక తిప్పు తిప్పకపోతే ఊరుకోదు.
మొగోళ్ళు ల్యాని దివానియాలో నాలుగు స్తంభాలు,
తలెత్తి గడియారం చూస్తాది. ఆడుండేది ఏసీ డబ్బా.
"పావు తక్కువ నాలుగు" అంటాది. ఎప్పుడూ అంతే.

కుడికి తిరిగితే లాడ్‌బజార్.
లాడ్‌బజార్ అంటే నా చేతులు.
పీలేరులో కొన్న రెండు గాజులు,
గోరుతో టింగుమనిపిచ్చి బేరమాడతాది.
"బారా ఆనే."
"కుదరదు మామా, రూపాయి."
"చల్, చోర్!"
అని లేచిపోవల్ల కదా, లేవలేదు.
నేనే కుర్చీని రెండడుగులు తోసి
నేనే ఎనక నుంచి పిలుస్తా.

షాలిబండ దాటినాక ఒక సందు ఉంది.
మా లెక్కలో అది మెట్ల కింది నడవ,
కొసన పెద్దకొడుకు గది, మూసిన తలుపు.
దాంట్లో ఇనప బీరువా, బీరువాలో నా పాస్‌పోర్టు.
నాకు తెలిసింది అది. ఆమెకు తెలిసింది ఇంకొకటి.
కుర్చీ అటు మొగం పెడితే చాలు
నా మణికట్టు పట్టుకుంటాది:
"ఉస్ గల్లీ మే నక్కో. అందర్ మర్దాఁ బైఠే."

ఎవురు కూచోనున్నారు, యేమి రాసుకుంటాండారు, ఎంతకు,
నేను అడగలా.
గైడు దాటేసిన చోట ఆగగూడదు.

మంచం కాడికొస్తే ఊరు అయిపాయె.
దిండు కింది సంచి తీసి కూలి ఇస్తాది:
వంద ఫిల్సులు, ఓడ బొమ్మ ఉండే బిళ్ళ.
"బొంబాయి నుంచి దీంట్లోనే వచ్చినా"
అంటాది తెరచాప మీద ఏలు పెట్టి.
రాత్రికి దాన్ని మళ్ళా ఆ సంచిలోనే వేస్తా.
మర్నాడు మళ్ళా అదే ఓడ.

నిన్న తప్పు నాదే.
ఇంటికాడి ఫోను మాటలు తలుచుకుంటా
కుర్చీని ఆ నడవలోకి తోసేసినా.
ఆమె నక్కో అనలా.
తలుపును చానాసేపు చూసింది. ఏళ్ళ కణుపులతో తట్టింది,
లోపల పెద్దోళ్ళుండే ఇంట్లో చిన్నపిల్ల తట్టినట్టు.
"అబ్బాకూ బోలో. మై నై జాతీ."

తలుపు తీసిన కొడుకు తెల్ల గడ్డం నిమురుకుంటా
అరబ్బీలో అడిగినాడు, ఏమంటాంది మా అమ్మ?

"నీళ్ళు అడుగుతాంది బాబా" అంటి.

తెచ్చినా. ఆమె తాగలా.
నిన్నటి బిళ్ళ సంచిలో వెయ్యలేదు నేను.
నా దిండు కింద ఉంది, ఓడ పైకి తిప్పి.