ఊఁ

మా దిక్కు ఊరికొక ఈదమ్మ.
పొలిమేర రాయికి బొట్టు పెట్టి మొక్కి
పుట్టిన పిల్లకు ఆ పేరే పెడతారు.
కాబట్టి నాగర్‌కర్నూల్ దవాఖాన ఆడవార్డులో
ఆ రాత్రి ఇద్దరు ఈదమ్మలుండటం వింతేం కాదు.

పదకొండో మంచం ఈదమ్మకు షుగరు,
కాలివేలు నల్లబడి తాడూరు నుంచి వచ్చింది.
పద్నాలుగో మంచం ఈదమ్మకు జ్వరం,
బిజినేపల్లి అవతలి ఊరు,
రెండు రోజులుగా గంజి కూడా దిగలేదు.
ముప్పై రెండు మంచాలు, నలభై ఒక్క మంది,
నేనొక్కదాన్ని.
సాకు చెప్పడం లేదు, లెక్క చెబుతున్నా.

షుగరు చూసే మిషను ఉంది.
స్ట్రిప్పులు అయిపోయి మూడు రోజులు,
ఇండెంటు ఏ బల్ల మీద పడుకుందో.

పొద్దున ఆరు.
సిరంజిలో పదహారు యూనిట్ల ఇన్సులిన్,
కళ్లలో ఇసుక.
పదకొండో మంచం దగ్గర వంగి
"ఈదమ్మేనా?" అన్నాను.
"ఊఁ" అంది.

అబద్ధం కాదు, ఆమె ఈదమ్మే.
తెల్లకోటు అడిగినా, తహసీల్ ఆఫీసు అడిగినా,
బ్యాంకు కిటికీ లోపలి నుంచి ఎవరడిగినా
ఊఁ అనడమే అలవాటు.
కాదంటే మళ్లా రేపు రమ్మంటరేమో అని.

దూది రాశాను.
స్పిరిటు చల్లదనానికి ఆ చెయ్యి కొంచెం ముడుచుకుంది.
అప్పుడు వెనకనుంచి, ఫినాయిలు బకెట్ చప్పుడుతో పాటు,
మణెమ్మ గొంతు:

"గామె గాదు, కెజియమ్మా!
షుగరామె గా కిటికి కాడ పండుకున్నది.
ఫ్యాను తిరుగుతలేదని
రాత్రి ఇద్దరు మంచాలు మార్చుకున్నరు."

సూదికీ చర్మానికీ మధ్య
ఒక తుడుపుకర్ర అడ్డం పడింది.
చేతిమీద తడి
నేను చూస్తుండగానే ఆరిపోయింది.

ఏమీ కాలేదు.
అదే వచ్చిన చిక్కు.
ఏమన్నా అయితే గేటు కాడ లొల్లి, పేపర్లో ఫోటో,
మెమో, ఎంక్వైరీ, అన్నిటికీ ఒక దారి ఉంది.
ఏమీ కానిదానికి
మా రిజిస్టరులో గడి లేదు.

"ఏం గాలె గద, రాసుడెందుకు?
రాస్తె నీ మెడకే" అంది హెడ్ సిస్టరు, ప్రేమగానే.
డ్యూటీ డాక్టరు టీ ఊదుకుంటూ
"బతికిపోయినవ్ సిస్టర్" అన్నాడు.
నేనా?

మధ్యాహ్నం దాకా ఇంటికి పోలేదు.
తెల్లకాగితం తీసుకుని మొదట నా పేరు రాశాను.
తర్వాత ఫ్యాను. తర్వాత స్ట్రిప్పులు.
నలభై ఒకటి అనే అంకె.
తర్వాత మణెమ్మ.
హోదా అన్నచోట పెన్ను ఆగింది.
ఔట్‌సోర్సింగ్, నాలుగు నెలల జీతం బాకీ,
ఇవి హోదాలు కావు.
"చూసిన మనిషి" అని రాశాను.

వారానికి పెద్ద డాక్టరు పిలిచారు.
కాగితం చదివి, తిరగేసి
వెనక కూడా ఏమైనా ఉందా అని చూశారు.
"ఇంకెవరికైనా చూపించినవా?" అని మాత్రం అడిగారు.
స్ట్రిప్పులొచ్చాయి.
ఫ్యాను ఇంకా అట్లనే ఉంది, రెక్క మీద పిచ్చుక గూడు.

ఇప్పుడు నేను "ఈదమ్మేనా" అని అడగను.
నీ పేరేంది, పెనిమిటి పేరేంది, ఏ ఊరు?
"నిన్ననే చెప్తిని గద సిస్టరమ్మా,
యాదికి లేదా?" అని విసుక్కుంటారు.
లేదవ్వా, మళ్లొకసారి చెప్పు.
తిట్టినా సరే, నోటితో చెప్పు.
మణికట్టు మీద ప్లాస్టరు ముక్క అంటించి
బాల్‌పెన్నుతో రాస్తా:
ఈదమ్మ, కుర్మయ్య భార్య.

ఆ జ్వరమామె ఇంటికి పోయే రోజు
మందుల సంచి చంకన పెట్టుకుని
నాకు దండం పెట్టింది.
ఆమెకేమీ తెలియదు.
మెట్ల దాకా వెంట పోయి చెప్పాను:
అవ్వా, ఆ పొద్దు నీకు
ఇంకొకరి సూది ఇయ్యబోయిన.

బస్టాండు ఆటో ఒకటి హారన్ కొడుతోంది.
ఆమె నా మొహం చూసింది,
చెయ్యి చూసింది.
"ఊఁ" అంది.

ఏ ఊఁ అది?
ఈసారి కూడా
నేను సరిగ్గా అడగనే లేదు.