పేరు గడిలో వారం

చేరిన మూడోరోజే కాంపౌండరు మీద కేకలేశాను.
రిజిస్టర్లో పేరు రాయమంటే
సొమారి, బుద్రి, గురుబారి, ఆయితి అని
వారాలు రాసి పెట్టాడేంటని.
పాత్రో నవ్వలేదు.
"అవి పేర్లే మేడం.
ఏ రోజు పుడితే ఆ రోజు" అన్నాడు
గాజుపలక మీద సిరా ఊదుకుంటూ.

చీరాల నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె
సెమిలిగుడ చలికి సీసాలోనే బిగుసుకుంది.
చెంచా కాడతో గీరి తలకి రాసుకుంటాను.
తలుపు తీస్తే మంచు వంటింట్లోకొచ్చి
స్టవ్వు పక్కన నిలబడుతుంది, పిలవకుండానే.
ఇక్కడ నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు,
రక్తాలు తప్ప.
చుక్క పరిచి, లెన్సు కింద
మలేరియా ఉంగరాలు వెతుకుతాను.
ఎవరి వేలికీ పట్టని ఉంగరాలు.

శుక్రవారం కుందులి సంత.
జీపు టాపు మీద మేకలు,
లోపల పద్నాలుగు మందిమి, ఒక కోడి.
"కేతే?" అన్న ఒక్క మాట నేర్చుకుని వెళ్ళాను.
అడగడం వచ్చింది, జవాబు వినడం రాలేదు.
పచిశికీ పచాశకీ,
అంటే పాతికకీ యాభైకీ నడుమ
తేడా నా చెవికి అందక
నెలంతా అల్లానికి యాభై ఇచ్చాను.
ఆయితి పుచ్చుకుంది.
చుట్ట నిప్పు నోట్లోపల పెట్టి
అడ్డపొగ పీలుస్తూ
నోటునీ నా తెలివినీ కలిపి మడిచి
రొంటిన దోపుకుంది.

కందులు కొలిచే గిన్నెని మాణ అంటారు.
మా మానికే.
ఘాటు ఎక్కే రైల్లో
చివరక్షరాన్ని ఏ సొరంగంలోనో జారవిడుచుకుని ఉంటుంది.
టమాటా ఇక్కడ బిలాతి బైగన్,
పరాయిదేశపు వంకాయ.
మా పెద్దమ్మా సీమ వంకాయనే అనేది.
ఎన్ని తరాలుగా ఈ మట్టిలో కాస్తోందో,
ఎన్ని కూరల్లో కరిగిపోయిందో,
అయినా పిలిచినప్పుడల్లా
ఊరు ఏదని అడిగినట్టే పిలుస్తారు.
అది మాత్రం గోనెపట్టా మీద
ఎర్రగా, దర్జాగా కూర్చుంటుంది.

అయిదో శుక్రవారం నా వంతు వచ్చింది.
ఏ ఊరు?
చీరాల అన్నాను.
చిరా అంటే చినిగిందట ఒడియాలో.
నేతగాళ్ళ ఊరిని గుడ్డపేలిక చేసి
అల్లం వరసంతా పకపకా నవ్వింది.
పేరు?
వకుళ.
ఆ మాట ఆయితి నోట్లో రెండుసార్లు దొర్లి
చుట్ట బూడిదతో పాటు బయటికొచ్చేసింది.
ఏ వారం పుట్టావు?

క్యాబేజీ లారీ వెనక
ఒకే ఒక్క గీత సిగ్నల్ దొరికే చోట నిలబడి
అమ్మకి ఫోన్ చేశాను.
"వారమా? ఎవరు చూశారే.
మగ్గం మీద షావుకారి చీర ఉంది.
మూడు మూరలు నేశాను,
కొంగు ఇంకా మొదలెట్టలేదు, నువ్వొచ్చావు.
మిగతాది మీ మేనత్త నేసింది,
అందుకే అంచు వంకర పోయింది."
పాతికేళ్ళ కిందటి అంచుకి
అమ్మ ఇంకా నొచ్చుకుంటూనే ఉంది.

ఇదంతా ఏ మాటల్లో పెట్టి చెప్పను?
తెలీదని చేతులు తిప్పాను.
ఆయితి నన్ను పైనుంచి కిందికి చూసింది,
తూకం వేసే ముందు చూసినట్టు.
శుక్రవారం వస్తావుగా, సుక్రివి, అంది.
పదివేళ్ళూ రెండుసార్లు తెరిచి
ఆపైన ఒక్క చెయ్యి చూపించి
"సుక్రి, పచిశి" అంది.
పాత డబ్బుల మాట ఆమె ఎత్తలేదు,
నేనూ ఎత్తలేదు.
పేరు పెట్టిన పెద్దలకి
ఎంతో కొంత ఇచ్చుకోవాలి కదా.

సోమవారం పొద్దున ల్యాబు ముందు
బెంచీ నిండా దుప్పట్లు, దగ్గులు.
పాత్రో చీటీ చూసి
"సుక్రీ" అని పిలిచాడు.
ముగ్గురు లేచారు.
కుర్చీలోంచి నేనూ సగం లేచి
మళ్ళీ కూర్చుని
లెన్సు తుడుచుకున్నాను.